ముఖ్యమంత్రుల జాబితాలో ఉత్తర తెలంగాణ ఎక్కడ?

2023 డిసెంబర్ 3న కామారెడ్డి ఫలితం వెలువడింది. తొమ్మిదిన్నరేళ్లు రాష్ట్రాన్ని ఏలిన కె. చంద్రశేఖర్ రావుకు అక్కడ రెండో స్థానం దక్కింది. నాలుగు రోజుల తర్వాత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎ. రేవంత్ రెడ్డి మూడో స్థానంలో నిలిచారు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. కేసీఆర్‌కు గజ్వేల్, రేవంత్‌కు కొడంగల్ చేతిలో ఉన్నాయి గనుక ఇద్దరూ శాసనసభకు వెళ్లగలిగారు. గద్దె దిగేవారికీ గద్దె ఎక్కేవారికీ ఒకే రోజున, ఒకే ఊళ్లో ఓటమి రుచి చూపించిన నియోజకవర్గం దేశంలో ఇంకెక్కడైనా ఉంటే అరుదే.

కామారెడ్డి ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోది, అంటే ఉత్తర తెలంగాణ. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలకు ముఖ్యమంత్రి కుర్చీతో ఉన్న సంబంధం ఏడు దశాబ్దాలుగా ఇలాగే నడుస్తోంది. కుర్చీ కింద నేల కదిలినప్పుడల్లా ఆ కదలిక ఈ నాలుగు జిల్లాల్లో ముందుగానో బలంగానో కనిపిస్తుంది. కానీ ఇక్కడి నుంచి శాసనసభకు ఎన్నికై ఆ కుర్చీలో కూర్చున్నది ఒక్కరే, మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు. అదీ పదిహేను నెలలు.

లెక్క మొదటి నుంచి చూద్దాం. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. కొంతకాలం జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక పాలన నడిచింది. 1950 జనవరి 26న ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడిని ముఖ్యమంత్రిగా నియమించారు. ఆయనకు ఓటు వేసినవాళ్లు లేరు, ఆయన ఓటు అడిగిందీ లేదు. ప్రజలు ఎన్నుకున్న మొదటి ప్రభుత్వం 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో వచ్చింది. ఆయన పాలమూరు జిల్లా మనిషి, షాద్‌నగర్ శాసనసభ్యుడు.

ఆ ఎన్నికల్లో ఉత్తర తెలంగాణ ఓటు ఎటు పడిందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. 175 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. వరంగల్ లోక్‌సభ స్థానంలో పీడీఎఫ్ నాయకుడు పెండ్యాల రాఘవరావు గెలిచారు. ఆయన చేతిలో ఓడినవారిలో కాళోజీ నారాయణరావు ఒకరు. కరీంనగర్ లోక్‌సభ స్థానంలో బద్దం ఎల్లారెడ్డి గెలిచారు, అక్కడ ఓడిన కాంగ్రెస్ యువకుడి పేరు పి.వి. నరసింహారావు. ఇక్కడి పల్లెలు సాయుధ పోరాటం వేడిలోనే ఉండగా పాలించే పార్టీ మాత్రం కాంగ్రెస్. ముఖ్యమంత్రి కాగలిగే కాంగ్రెస్ పెద్దలు దక్షిణాన, హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యారు. ఈ తేడా ఆ తర్వాత చాలా ఏళ్లు వెంటాడింది.

బూర్గుల కుర్చీకి తగిలిన మొదటి పెద్ద కుదుపు కూడా ఇక్కడిదే. స్థానికుల ఉద్యోగాల్లో గైర్ ముల్కీలు, అంటే స్థానికేతరులు, చేరుతున్నారని 1952 జులై చివర్లో వరంగల్, హన్మకొండ విద్యార్థులు రోడ్డెక్కారు. బడి పంతుళ్ల నియామకాల్లో మొదలైన గొడవ అది. నెల తిరిగేసరికి హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డిని వేశారు. ఇంటర్ చదువుల కాలంలో ఆ ఊరేగింపుల్లో నడిచిన కుర్రవాళ్లలో అక్కంపేటకు చెందిన కొత్తపల్లి జయశంకర్ ఒకరు. తర్వాతి యాభై ఏళ్లలో ఆయన ఏ పదవీ అడగకుండా, పదవి కోరే చాలామందికి లెక్కలు నేర్పారు.

ఆరో వేలు, పదిన్నరేళ్లు

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకుముందు ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్ర వారైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ వారు కావాలి. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ఉప ముఖ్యమంత్రి పదవి చేతికి ఆరో వేలు లాంటిదని తీసిపారేశారు. ఆ మాట తెలంగాణలో ఇప్పటికీ సామెతలా నిలిచి ఉంది. 1960లో దామోదరం సంజీవయ్య వచ్చాకగానీ కొండా వెంకట రంగారెడ్డికి ఆ పదవి దక్కలేదు.

ఉమ్మడి రాష్ట్రం 57 ఏళ్ల ఏడు నెలలు నడిచింది. ముఖ్యమంత్రులు 16 మంది. వారిలో తెలంగాణ వారు నలుగురు: పీవీ, జలగం వెంగళరావు, మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య. నలుగురూ కలిసి ఏలింది పదిన్నరేళ్లు. అందులో నాలుగేళ్లకు పైగా వెంగళరావుదే. ఆయన కుటుంబం శ్రీకాకుళం వైపు నుంచి ఖమ్మం జిల్లాకు వలస వచ్చింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలంలో హోంమంత్రి కూడా ఆయనే. అందుకే ఉద్యమకారులు ఆయన్ని తెలంగాణ లెక్కలో వేసుకోవడానికి ఎప్పుడూ మొహమాటపడ్డారు. ఆయన్ని తీసేస్తే మిగిలేది ఆరేళ్ల పైచిలుకు.

ఈ నలుగురి తేదీలను వరుసగా పెట్టి చూస్తే ఒక ఆకారం కనిపిస్తుంది. 1971 సెప్టెంబర్ 30 నుంచి 1982 ఫిబ్రవరి 24 దాకా, మధ్యలో 11 నెలల రాష్ట్రపతి పాలన మినహా, ముఖ్యమంత్రులంతా తెలంగాణ వారే. దానికి ముందు పదిహేనేళ్లు ఒక్కరూ లేరు. తర్వాత చెన్నారెడ్డి 1989 డిసెంబర్ నుంచి ఏడాది ఉన్నారు. 1990 డిసెంబర్ 17 తర్వాత 2014 జూన్ 2 దాకా, అంటే ఇరవై మూడున్నరేళ్లు మళ్లీ ఒక్కరూ లేరు. ఒక ప్రాంతానికి దామాషాగా అందే వాటా ఇలా గుంపుగా రాదు. గాయమైనప్పుడు వేసే కట్టు ఇలా వస్తుంది.

గాయం 1969. ఆ ఉద్యమం పాల్వంచ, ఖమ్మంలలో రాజుకుని తెలంగాణ అంతా వ్యాపించింది. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తుంటే, తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. వరంగల్‌లో ఎస్.బి. గిరి, కరీంనగర్‌లో ఎం. సత్యనారాయణరావు ఆ పార్టీ వారే. ఆరు నెలల్లో సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగాలి, తెలంగాణ మనిషి ముఖ్యమంత్రి కావాలి అన్నది బేరం. ఓటేసిన జనం అడిగింది రాష్ట్రం. నాయకులకు దొరికింది ముఖ్యమంత్రి పదవి. అదీ ఉద్యమంలో లేని మనిషికి.

మంథని ఎమ్మెల్యే

పీవీ 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, అమ్మమ్మగారింట పుట్టారు. దత్తు వెళ్లింది వంగరకు. చదువు హన్మకొండలో సాగింది. వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో చదువు ఆగిపోయి మహారాష్ట్ర వైపు వెళ్లారు. తిరిగొచ్చాక పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి 'కాకతీయ' పత్రిక నడిపారు, జయ విజయ అన్న కలం పేర్లతో రాశారు. 1957 నుంచి మంథని ఓటర్లు ఆయన్ని వరుసగా నాలుగుసార్లు గెలిపించారు. 1962 నుంచి మంత్రి. విద్యాశాఖ చూస్తున్నప్పుడే, 1968లో, తెలుగు అకాడమీ ఏర్పడింది.

ఆయన్ని ముఖ్యమంత్రిగా ఎంచుకోవడానికి ఢిల్లీకి కనిపించిన గొప్ప సుగుణం ఆయనకు సొంత గుంపు లేకపోవడం. రెడ్ల వర్గాల మధ్య కొట్లాటలో ఏ పక్షానికీ చెందని బ్రాహ్మణ నాయకుడు, వెనక ఎమ్మెల్యేల దండు లేనివాడు. పదవి ఇచ్చినవారికి అది సుఖం. పదవిలో ఉన్నవారికి అదే కష్టం. ఎదురుగాలి వచ్చిన రోజున తన వెంట నిలబడటానికి ఎవరూ ఉండరు.

1972 మార్చి శాసనసభ ఎన్నికల్లో ఆయన పాత కాపులను పక్కనబెట్టి కొత్తవారికి, వెనుకబడిన కులాల వారికి టికెట్లు ఇప్పించారు. 287 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 219 వచ్చాయి. మేలో వ్యవసాయ భూముల బదిలీలు ఆపే ఆర్డినెన్స్ తెచ్చారు. సెప్టెంబర్‌లో సభ భూసంస్కరణల బిల్లును ఆమోదించింది. ఐదుగురి కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి భూమి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాల వరకే ఉండాలన్నది అందులోని కమతాల పరిమితి. పెద్ద భూస్వామి కుటుంబానికి దత్తుడైన మనిషి తెచ్చిన చట్టమిది. కోస్తాలో, సీమలో, తెలంగాణలో భూములున్న ప్రతి పెద్ద కుటుంబం ఆయన మీద గుర్రుగా చూసింది.

అప్పుడే, ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ముల్కీ నిబంధనలు మళ్లీ తెర మీదికి వచ్చాయి. 1952లో హన్మకొండ విద్యార్థులు ఏ నిబంధనల అమలు కోసం అరిచారో, అవి చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు మాటే తుది మాట అని పీవీ అన్నారు. న్యాయం ప్రకారం ఆ మాటలో తప్పేం లేదు, కానీ కోస్తాలో నిప్పు రాజుకుంది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రోడ్డెక్కింది. ఉద్యమం వెనక భూసీలింగ్ మీది కోపం ఎంత, ఉద్యోగాల మీది ఆవేదన ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ తూకం వేస్తూనే ఉన్నారు. రెండూ ఉన్నాయన్నది మాత్రం కాదనలేం. ఆంధ్ర మంత్రులు ఒకరి వెనక ఒకరు రాజీనామా చేశారు. 1973 జనవరిలో పీవీ కూడా దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

1969 మంటను ఆర్పడానికి ఎక్కించిన మనిషిని 1972 మంటను ఆర్పడానికి దించారు. తర్వాత ఆయన కేంద్ర మంత్రి అయ్యారు, 1991లో ప్రధాని అయ్యారు. ఈ వ్యాసానికి పనికొచ్చే సంగతి మధ్యలో ఉంది. 1977లో, 1980లో హన్మకొండ ఆయన్ని లోక్‌సభకు పంపింది. 1984లో ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌ను నెత్తికెత్తుకున్నప్పుడు, అదే హన్మకొండ ఆయన్ని ఓడించి బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డిని గెలిపించింది. ఆ ఏడాది బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో అదొకటి. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేశారు గనుక పీవీ లోక్‌సభకు వెళ్లగలిగారు. కామారెడ్డికి నలభై ఏళ్ల ముందటి నమూనా అది.

పల్లెలకు తెలిసిన ముఖ్యమంత్రులు

సీలింగ్ చట్టం 1975 జనవరి 1న అమల్లోకి వచ్చేసరికి దాన్ని తెచ్చిన ముఖ్యమంత్రి లేరు. భూములు బినామీ పేర్ల మీదికి, పెంపుడు కుక్కల పేర్ల మీదికి కూడా మారాయని ఊళ్లలో చెప్పుకునేవారు. కుక్కల సంగతి వెటకారమే కావచ్చు, బినామీల సంగతి కాదు. కరీంనగర్ జిల్లాలో దొరల గడీల ముందు బంజర్ల కోసం, వెట్టికి వ్యతిరేకంగా సంఘాలు పుట్టుకొచ్చాయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు పల్లెలన్నీ కదిలాయి. మరుసటి నెలలో చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఇక్కడి నుంచి పాతికేళ్లు, ఉత్తర తెలంగాణ పల్లెలు ముఖ్యమంత్రులను పథకాల పేర్లతో కంటే పోలీసు క్యాంపుల లెక్కతో గుర్తుపెట్టుకున్నాయి. వెంగళరావు అనగానే వరంగల్‌లో ఇద్దరు వెంగళరావులు గుర్తొస్తారు. 1976 ఆగస్టులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి ముఖ్యమంత్రి ఒకరు. 1975 జులైలో, ఎమర్జెన్సీ మొదటి నెలలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో విద్యార్థులు తుపాకీ గుండ్లకు బలైనప్పటి ముఖ్యమంత్రి మరొకరు. ఆ విద్యార్థుల్లో వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవారూ ఉన్నారు.

అంజయ్య కార్మిక నాయకుడు, మెత్తని మనిషిగా పేరు. 61 మంది మంత్రులతో ఆయన కట్టిన జంబో కేబినెట్, 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆగ్రహం, ఆ వెంటే పోయిన పదవి అందరికీ తెలిసిన కథ. ఆ అవమానాన్నే ఎన్టీఆర్ తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదంలోకి మలిచారు. ఆదిలాబాద్ గోండు గూడేలకు మాత్రం అంజయ్య కాలం అంటే 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి. సంత రోజున జరగాల్సిన గిరిజన రైతుకూలీ సంఘం సభకు అనుమతి రద్దయింది. వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. గూడేల లెక్క అంతకు ఎన్నో రెట్లు.

ఎన్టీఆర్‌ది మరో రకం జ్ఞాపకం. 1983 జనవరి 9న ప్రమాణం చేశారు. ఏడాది తిరిగేసరికి పటేల్, పట్వారీ వ్యవస్థను ఒక్క ఆర్డినెన్స్‌తో రద్దు చేశారు. కోస్తాలో ఇది పాలనాపరమైన మార్పు. ఇక్కడ ఊరి దస్తర్లు ఒక ఇంట్లోంచి బయటికి రావడం. ఊరి భూముల రికార్డు అయిన పహాణీలో పేరు రాయించుకోవడానికి తరాల తరబడి ఒకే అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడినవాళ్లకు దాని విలువ తెలుసు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కచేరీ కూడా దగ్గరయ్యింది. అయితే అదే ఎన్టీఆర్ కాలంలో, 1985 సెప్టెంబర్‌లో, హన్మకొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం పట్టపగలు తన క్లినిక్‌లో హత్యకు గురయ్యారు. ముందురోజు కాజీపేటలో ఒక పోలీసు అధికారిని నక్సలైట్లు చంపారు. ఆ అధికారి శవయాత్ర సాగుతుండగా ఈ హత్య జరిగింది.

చెన్నారెడ్డి 1989 డిసెంబర్‌లో రెండోసారి వచ్చాక తుపాకులను కాస్త పక్కకు పెట్టించారు. 1990 మేలో వరంగల్‌లో జరిగిన రైతుకూలీ సంఘం మహాసభకు లక్షల మంది వచ్చారు. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్ మతకలహాల మధ్య ఆయన పదవి పోయింది. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్‌ను నిషేధించింది, 1995లో ఎన్టీఆర్ సడలించారు, 1996లో చంద్రబాబు మళ్లీ విధించారు, 2004లో వైఎస్ చర్చలకు పిలిచారు, చర్చలు తెగిపోయాయి. హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి మారితే ఇక్కడ రాత్రి బస్సులు నడుస్తాయా లేదా అన్నది మారేది.

దీని ప్రభావం ముఖ్యమంత్రి కుర్చీ లెక్క మీద కూడా పడింది. సొంత నియోజకవర్గంలో పల్లెకు వెళ్లి రాత్రి పడుకోలేని నాయకుడు పెద్ద నాయకుడు కాలేడు. మంథని నుంచి వచ్చిన మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును 1999 ఏప్రిల్‌లో నక్సలైట్లు చంపారు. చాలామంది ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లో కాపురం పెట్టి, వరంగల్, కరీంనగర్ పట్టణాల దాకా వచ్చి వెళ్లిపోయే రోజులవి.

సీట్ల సంఖ్య ఒక్కటే కారణమా

ఉత్తర తెలంగాణకు కుర్చీ రాకపోవడానికి సాధారణంగా చెప్పే కారణం అంకెలు. 294 స్థానాల ఉమ్మడి సభలో 2009 నాటికి తెలంగాణవి 119, అందులో ఈ నాలుగు ఉమ్మడి జిల్లాలవి 44: కరీంనగర్ 13, వరంగల్ 12, ఆదిలాబాద్ 10, నిజామాబాద్ 9. సీట్లు తక్కువున్న ప్రాంతం కాబట్టి రాలేదంటారు. కానీ రాయలసీమకు ఉన్నవి 52 స్థానాలే. 16 మంది ముఖ్యమంత్రుల్లో ఆరుగురు అక్కడివారు: సంజీవరెడ్డి, సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, వైఎస్, కిరణ్‌కుమార్ రెడ్డి. 44కు ఒకటి, 52కు ఆరు. అంకెలు చాలవు.

సీమ నాయకత్వం కుటుంబాలుగా, తరాలుగా పాతుకుపోయింది. తండ్రి తర్వాత కొడుకు, జిల్లా మొత్తం ఒక గుప్పిట్లో. దాని వెనక ఉన్న రక్తపాతం వేరే కథ. ఇక్కడ ప్రతి పదిహేనేళ్లకోసారి ఓటు పార్టీ మార్చింది. పీడీఎఫ్, కాంగ్రెస్, ప్రజా సమితి, మళ్లీ కాంగ్రెస్, తెలుగుదేశం, టీఆర్ఎస్. ఏ వంశమూ పది ఎన్నికలు నిలదొక్కుకోలేదు. ప్రజాస్వామ్యం దృష్టితో చూస్తే ఇది మెచ్చుకోవాల్సిన గుణమే. ముఖ్యమంత్రి రేసులో మాత్రం ఇదే లోటయింది. పార్టీలో పాతికేళ్లు నిలిచి, నలభై మంది ఎమ్మెల్యేలను వెంటేసుకుని ఢిల్లీ ముందు కూర్చోగల మనిషి ఈ వైపు నుంచి తయారు కాలేదు. ఢిల్లీకే వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు: పీవీ, పెద్దపల్లి నుంచి జి. వెంకటస్వామి, కరీంనగర్ నుంచి సిహెచ్. విద్యాసాగరరావు. పార్టీని నడిపినవాళ్లూ ఉన్నారు. 2004లో, 2009లో కాంగ్రెస్ గెలిచినప్పుడు పీసీసీ అధ్యక్షుడు నిజామాబాద్ నాయకుడు డి. శ్రీనివాస్. 2009లో పార్టీ గెలిచింది, ఆయన తన సీటులో ఓడారు.

ఇంకో కారణాన్ని పార్టీలు బయటికి అనవు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని 12 స్థానాల్లో ఐదు రిజర్వ్‌డ్: స్టేషన్ ఘన్‌పూర్, వర్ధన్నపేట ఎస్సీలకు, ములుగు, మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీలకు. ఉమ్మడి రాష్ట్రంలో దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య ఒక్కరే, 1960 నుంచి 1962 దాకా. గిరిజన ముఖ్యమంత్రి ఒక్కరూ లేరు. అంటే వరంగల్‌లో దాదాపు సగం స్థానాలు ముందే పోటీలో లేనట్టే. తెలంగాణ వస్తే దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్న కేసీఆర్ మాట నిజమై ఉంటే ఈ లెక్క మారేది. 2014 జూన్‌లో స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే డాక్టర్ టి. రాజయ్యకు ఉప ముఖ్యమంత్రి పదవి దక్కింది. 2015 జనవరిలో ఆయన్ని తొలగించి, వరంగల్ ఎంపీ కడియం శ్రీహరిని ఆ పదవిలోకి తెచ్చారు. ఇద్దరూ ఒకే జిల్లా, ఒకే నియోజకవర్గం రాజకీయాల్లోంచి వచ్చినవారు, ఒకరికొకరు పోటీ. ఆరో వేలు మాట గుర్తుచేసుకున్నవాళ్లు వరంగల్‌లో అప్పుడు చాలామందే.

సభాపతి పీఠం మాత్రం ధారాళంగా వచ్చింది. మంథని శ్రీపాదరావు, బాల్కొండ సురేశ్ రెడ్డి, భూపాలపల్లి మధుసూదనాచారి, బాన్సువాడ పోచారం శ్రీనివాసరెడ్డి. నలుగురూ ఈ నాలుగు జిల్లాలవారే. ఎవరు మాట్లాడాలో చెప్పే అధికారం ఇచ్చారు, ఏం చేయాలో చెప్పే అధికారం ఇవ్వలేదు.

మైదానాలు ఇక్కడివి

2001 ఏప్రిల్ 27న టీఆర్ఎస్ పుట్టింది. మొదటి పెద్ద సభ హైదరాబాద్‌లో పెట్టలేదు. మే 17న కరీంనగర్ ఎస్ఆర్ఆర్ కాలేజీ మైదానంలో సింహగర్జన జరిగింది. కేసీఆర్ సిద్దిపేట మనిషి, అది ఉమ్మడి మెదక్. ఉత్తర తెలంగాణ లెక్కలో మెదక్‌ను కలిపేవాళ్లున్నారు, కలపనివాళ్లున్నారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో హుస్నాబాద్ కరీంనగర్ నుంచి, చేర్యాల వరంగల్ నుంచి వచ్చి చేరాయి గనుక ఆ గీత ఇంకా చెరిగిపోయింది. ఏమైనా ఆయన రాజకీయ ప్రాణం కాపాడింది కరీంనగర్. 2004లో ఎంపీని చేసింది. 2006లో రాజీనామా చేసి మళ్లీ నిలబడితే రెండు లక్షలకు పైగా ఆధిక్యం ఇచ్చింది. 2008లో మూడోసారి అడిగినప్పుడు ఆధిక్యం 15 వేల పైచిలుకుకు పడిపోయింది. 2009లో ఆయన మహబూబ్‌నగర్‌కు మారిపోయారు. హెచ్చరిక అర్థమైనట్టుంది.

ఆ ఏడాదే నవంబర్ 29న కరీంనగర్ శివారు అలుగునూరు దగ్గర ఆయన అరెస్టు, ఖమ్మం తరలింపు, నిరాహార దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన. 2010 డిసెంబర్ 16న వరంగల్‌లో మహాగర్జన. రాష్ట్రం వచ్చాక కూడా వరంగల్ మైదానాలకు తీరిక దొరకలేదు. 2022 మే 6న ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రాహుల్ గాంధీ సమక్షంలో రెండు లక్షల రుణమాఫీతో వరంగల్ డిక్లరేషన్ వచ్చింది. 2023 ఫిబ్రవరి 6న రేవంత్ రెడ్డి పాదయాత్ర మేడారంలో సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర మొదలైంది. ఓడిపోయాక బీఆర్ఎస్ 2025 ఏప్రిల్ 27న రజతోత్సవ సభను హనుమకొండ జిల్లా ఎల్కతుర్తిలో పెట్టింది. ముఖ్యమంత్రి కావాలన్నా, మళ్లీ కావాలన్నా దారి ఇటు నుంచే పోతుంది.

దించే దారి కూడా ఇటు నుంచే. కాళేశ్వరం ప్రాజెక్టు కేసీఆర్ పాలనకు గుర్తుగా 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న, పోలింగ్‌కు నలభై రోజుల ముందు, భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఆ ఎన్నికల్లో ఉమ్మడి వరంగల్‌లో కాంగ్రెస్‌కు 12లో 10 వచ్చాయి. ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ మరో దారి పట్టాయి. బీజేపీ రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఎనిమిదింటిలో ఏడు ఆ రెండు జిల్లాల్లోవే. ముఖ్యమంత్రి అయింది పాలమూరు మనిషి, కొండారెడ్డిపల్లి వాసి.

ఇక పీవీ ఏ జిల్లా వాడన్న పాత తగవు ఒకటుంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వంగర కరీంనగర్‌ను వదిలి వరంగల్ అర్బన్‌లో చేరింది, 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. లక్నేపల్లి వరంగల్ జిల్లాలో ఉంది. మంథని పెద్దపల్లికి పోయింది. మావాడే అనుకోవడానికి ఇప్పుడు మూడు జిల్లాలకు హక్కుంది. ఎన్నికల రికార్డు మాత్రం మంథని ఒక్కదాని పేరే రాస్తుంది. ఉమ్మడి వరంగల్ 12 స్థానాల ఎదుట ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.